బేసింగ్‌స్టోక్‌లో మునిగిన కొండమనిషి

ఇల్ఫర్డ్ అంకుల్‌ను నేను ఇంతవరకూ క్షమించలేదు. ఆయన మా ఇంటికొచ్చినప్పుడల్లా తెచ్చే మైసూర్‌పాక్ తింటాను, కాఫీ ఇస్తాను, వెళ్లేటప్పుడు కారు దాకా నడిచి, మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతాను. అవన్నీ మర్యాదలు. క్షమించడం వేరే శాఖ. ఆయన విషయంలో ఆ శాఖకు శాశ్వతంగా సెలవు ప్రకటించాను. మా అమ్మాయి కొండమనిషిని పట్టపగలు, హ్యాంప్‌షైర్‌లో ఉన్న తెలుగువాళ్లంతా చూస్తుండగా, జేజేలు కొట్టిస్తూ నీళ్లలో ముంచేసిన మనిషి ఆయన. ఈ దేశంలో ఒకప్పుడు ఇంతకన్నా చిన్న నేరాలకు మనుషుల్ని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపించేశారు. ఆయన్ని మాత్రం మా ఆవిడ ఇంకాస్త పులిహోర వడ్డించి పంపింది.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎక్కడైనా కాస్త పెద్దది చేసి చెబితే అది నా బాధ పెద్దది కావడం వల్ల.

లండన్‌లో ఒలింపిక్స్ అయ్యి అప్పటికి కొన్నేళ్లయింది. మేం బేసింగ్‌స్టోక్‌లో ఉండేవాళ్లం. నాది ఇన్సూరెన్సు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. అంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు వెతకడం. ఆ పని నాకు జీతం ఇవ్వకపోయినా చేస్తాను. మా అమ్మాయి ఇయర్ ఫైవ్‌లో ఉంది. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచిన మొదటి వారంలోనే టీచరమ్మ పిల్లలందరికీ ఒక హోంవర్క్ ఇచ్చింది. అయిదారు వందల ఏళ్ల కిందట ఇటలీ వాళ్లకు ఉన్నట్టుండి బొమ్మలు అద్భుతంగా చేయడం వచ్చేసిన కాలం ఒకటుంది కదా, రెనసాన్స్ అంటారు, ఆ కాలపు కళాఖండం ఒకటి ఎంచుకుని దాని నమూనా తయారు చేసి తేవాలి. తల్లిదండ్రులంతా వచ్చి కూర్చున్న హాల్లో, స్టేజి మీద నిలబడి, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

బొమ్మ చేయడం ఎంతసేపు? ఆ నాలుగు ముక్కలే మా ఇంటికి వచ్చిన ఉపద్రవం.

మా అమ్మాయి గొంతు సంగతి మీకు చెప్పాలి. టీవీ రిమోట్ కోసం ఇంట్లో అరిస్తే ఆ అరుపుకు రెడింగ్ స్టేషన్‌లో రైళ్లు ఆగుతాయి. అదే గొంతు స్కూలు హాల్లో అడుగుపెట్టేసరికి దోమకు జలుబు చేసినట్టు అయిపోతుంది. అంతకుముందు ఏడు ఒక నాటకంలో దానికి చెట్టు వేషం ఇచ్చారు. చెట్టుకు ఒకే ఒక్క వాక్యం. పెదవులు కదిలాయి, ఆకులు కదిలాయి, శబ్దం మాత్రం రాలేదు. "లౌడర్, స్వీట్‌హార్ట్" అని టీచరమ్మ పక్కనుంచి అంటూనే ఉంది. ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ రోజు ఇంటికొచ్చి అది కాగితపు ఆకులన్నీ ఒక్కొక్కటే పీకి రీసైక్లింగ్ డబ్బాలో వేసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నాకు పని దొరికేది.

అందుకని ఈసారి హోంవర్క్ అనగానే దాని మొహం తెల్లబోయింది. నేను దాన్ని తీసుకుని లైబ్రరీకి వెళ్లాను. పెద్ద బొమ్మల పుస్తకం ముందేసుకుని ఇద్దరం తిరగేశాం. చిరునవ్వుల ఆడవాళ్లు వచ్చారు, రెక్కల పిల్లలు వచ్చారు, గుండ్రటి గోపురాలు వచ్చాయి. అది తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఆ తర్వాత పేజీ తిప్పేసరికి ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం.

ఫ్లోరెన్స్ ఊరి బయట ఒక తోట. తోటలో చెరువు. చెరువు గట్టున మూడంతస్తుల మేడంత రాతి ముసలాడు ఒంగి కూర్చున్నాడు. గడ్డం చూస్తే గుహలో నీళ్లు కారి కారి గడ్డకట్టినట్టుంది. భుజాల మీద నాచు, మోకాళ్ల మీద మొక్కలు. మనిషి అవుదామని బయలుదేరిన కొండకు సగంలో బద్ధకం వేసి అక్కడే చతికిలబడినట్టుంది. ఇటలీ నడుమ సాగే అపెన్నైన్ కొండల వరసకు మనిషి రూపం ఇస్తే వీడట. ఎడమ చేత్తో ఒక వింత జంతువు తల నొక్కి పట్టుకుని ఉన్నాడు, దాని నోట్లోంచి చెరువులోకి నీళ్లు పడతాయి. వాడి కడుపులో గదులున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, తలకాయలో పొయ్యి రాజేస్తే ముక్కు రంధ్రాల్లోంచి పొగ వచ్చేదట.

మా అమ్మాయి ఆ వాక్యం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"డాడీ, మనం రియల్ స్మోక్ చేయగలమా?"

"చేస్తాం. నీ పేరు చెప్పి బేసింగ్‌స్టోక్ అంతా పొగ పెడతాం."

"దెన్ ఎవ్రీవన్ విల్ లుక్ ఎట్ హిజ్ నోస్," అంది చాలా తాపీగా. అందరూ వాడి ముక్కు చూస్తారు. తనను ఎవరూ చూడరు. అదీ దాని లెక్క. తన్ను ఎవరూ చూడకపోతే మాట్లాడగలదు. తను వెనకాల నిలబడి దాక్కోవడానికి అంత పెద్ద రాతి ముసలాణ్ణి అడుగుతోంది తొమ్మిదేళ్ల పిల్ల. కాదని ఎవరనగలరు?

ఇక మట్టి కావాలి. మా పెరడు మట్టి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. గునపం వేస్తే సుద్ద వస్తుంది, ఇంకోటి వేస్తే చెకుముకి రాయి వస్తుంది, మూడోది వేస్తే గునపం తిరిగి మన మీదికి వస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే వినాయక చవితి దగ్గరపడింది. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ ఏటా ఒకరింట్లో చేరి చేసే పండగ ఆ ఏడు మా వంతు. చవితికి మట్టి ఎప్పుడూ ఇల్ఫర్డ్ అంకుల్ తెస్తారు.

ఈయన మాకు చుట్టం కాదు. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ అంకుల్. కరీంనగర్ దగ్గరి మనిషి. మేం పలకా బలపం పట్టుకునే నాటికే లండన్ తూర్పు కొసన ఇల్ఫర్డ్‌లో స్థిరపడ్డారు. ఈ దేశంలో ఏ మూల తెలుగువాడు ఉల్లిపాయ తరిగినా ముందు ఆయనకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఎవరింట్లో పండగైనా డిక్కీ నిండా సరుకులు వేసుకుని ఎమ్ ట్వంటీఫైవ్ హైవే మీద దిగ్విజయ యాత్రలా వచ్చేస్తారు. ఆ శనివారం కూడా మట్టి సంచులు తెచ్చి మా హాల్లో దింపారు.

"పిల్లలకు చిన్న చిన్న గణపతులు జేయ నేర్పుండ్రి. మట్టి ముట్టుకోక పోరగాళ్లు ఫోన్ల మీద వేళ్లు అరగదీసుకుంటున్నరు," అని ఉపన్యసించి, మిగిలిన సంచి నా ముందుకు తోసి, "ఇది నీకు. మంచిగ పెద్దది జెయ్యి," అని చెప్పి వెళ్లిపోయారు.

నేను కొండమనిషి సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది? నా ఇల్లు, నా పిల్ల, నా ఇటలీ.

బొమ్మకు కూర్చున్నాం. ఇక్కడ నా చేతుల గురించి ఒక మాట. కాకినాడలో మా వీధిలో చవితికి వినాయకుణ్ణి చేసే పని చిన్నప్పటినుంచీ నాదే. ఏళ్ల తరబడి చేసి చేసి ఈ చేతులు ఒక్క విద్యలో ఆరితేరాయి. తెలుగు దేశంలో పుట్టిన ఏ మగాడి చేతిలోనైనా మట్టిముద్ద పెట్టి కళ్లు మూసుకోమనండి, పది నిమిషాలకు బొజ్జ తయారవుతుంది. ఇది నా లోపం కాదు, జాతి లక్షణం. పుస్తకంలో ఉన్నవాడికి డొక్కలు లోపలికి పోయి కండలు తేలి ఉన్నాయి. నా చేతిలో వాడు హాయిగా భోంచేసి కూర్చున్నాడు.

"డాడీ, హీ హాజ్ ఎ టమ్మీ," అంది మా అమ్మాయి కోపంగా.

"అంత పెద్ద మనిషి, అన్నం తినడా? కడుపులో గదులున్నాయని నువ్వే చదివావుగా. గదులెక్కడ పెట్టమంటావ్, వీపు మీదా?"

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి, "ఏవండీ, తొండం ఎప్పుడు పెడతారు?" అంది.

ఇటలీ కళాకారులు కూడా ఇంట్లో ఇలాంటివి పడే ఉంటారు. మా అత్తయ్యగారు అప్పటికి మూడు నెలలుగా మా దగ్గరే ఉన్నారు. రాజమండ్రి మనిషి. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చుట్టూ తిరిగి చూసి, "అల్లుడుగారు బానే చేశారే! చెవులే కాస్త చిన్నవి," అన్నారు.

"అత్తయ్యగారూ, ఇది వినాయకుడు కాదండీ. ఇటలీ కొండ."

"అలాగే బాబూ, అలాగే. మరి కొండ చేతి కింద ఆ ఎలకెందుకు?"

ఆ వింత జంతువు తల నేను చేయలేదు, మా అమ్మాయి చేసింది. ఎలకలాగే ఉంది. జాతి లక్షణం హ్యాంప్‌షైర్‌లో పుట్టినవాళ్లకీ వస్తుందన్నమాట.

అయితేనేం, తలకాయ మాత్రం మహాద్భుతంగా కుదిరింది. లోపల పొట్ట దాకా డొల్ల చేసి, వెనకాల చిన్న తలుపు పెట్టి, సాంబ్రాణి కడ్డీ ముక్క నిలబెట్టడానికి గుంట చేశాం. గడ్డానికి మా అమ్మాయి పెరట్లో గోడవారనున్న సన్నటి పచ్చగడ్డి పోచలు కోసుకొచ్చి ఒక్కొక్కటే గుచ్చింది. అదొక్కటీ పుస్తకంలో ఉన్నదానికన్నా బాగుంది, ఒప్పుకుంటాను. కొంచెం ఆరాక కడ్డీ వెలిగించి తలుపు మూశాం. ముందు ఏమీ రాలేదు. తర్వాత కుడి ముక్కులోంచి సన్నగా ఒక తీగ, ఎడమ ముక్కులోంచి ఇంకో తీగ. ఆ తర్వాత ఇంట్లో స్మోక్ అలారం మోగింది. మా ఆవిడ టీ టవల్ పట్టుకుని దాని కింద విసురుతూ, నా గురించీ, నా వంశం గురించీ, ఇటలీ గురించీ అభిప్రాయాలు చెబుతోంది. ఆ రణగొణ ధ్వనిలో మా అమ్మాయి కొండమనిషి వెనక నిలబడి తన నాలుగు ముక్కలూ మొదలుపెట్టింది. అలారాన్ని మించి, వాళ్లమ్మను మించి వినపడింది. చివరిదాకా చెప్పింది. చెప్పి, వాడి భుజం మీంచి మమ్మల్ని చూసి నవ్వింది.

అప్పుడు నాకు అర్థమైంది. స్కూల్లో ప్రదర్శన ఉన్న సోమవారం దాకా వీడు క్షేమంగా ఉండాలి. వీడుంటే అది మాట్లాడుతుంది.

చవితి వారం మధ్యలో వచ్చింది. పూజ చేసుకున్నాం. నిమజ్జనం మాత్రం అందరికీ వీలుగా ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. ఇక్కడ నదిలో కలిపితే కౌన్సిల్ వాళ్లు ఊరుకోరు కాబట్టి పెరట్లో పిల్లలు ఆడుకునే గాలి తొట్టి నింపి అందులోనే కలపడం మా ఆనవాయితీ. ఆ మర్నాడే స్కూల్లో ప్రదర్శన. కొండమనిషి ఇంకా పూర్తిగా ఆరలేదని వాణ్ణి పెరట్లో బల్ల మీద ఎండకు పెట్టాను. అదే బల్ల మీద, పక్కనే, పిల్లలు చేసిన చిన్న వినాయకులన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. పెరట్లో ఉన్నది ఒక్కటే బల్ల! ఎవరైనా తప్పు పడతారని ముందే చెబుతున్నాను, ఎన్ని బల్లలుంటాయి ఒక మనిషికి?

జనం దిగారు. ఈస్ట్ హామ్ నుంచి వచ్చిన ఎమ్మెస్సీ కుర్రాడు చెప్పులు విప్పి కొండమనిషికి దణ్ణం పెట్టుకున్నాడు.

"ఏం బాబూ, వాడెవడనుకున్నావు?"

"డిసర్టేషన్ ఉందన్నా, ఎవరైనా పర్లేదు," అన్నాడు.

పక్కింటావిడంత చొరవగా ఎవరో ఆంటీ వాడి నుదుట కుంకుమ పెట్టి వెళ్లింది. తుడిచాను. వెనక్కి తిరిగేసరికి చెవి మీద చామంతి పువ్వు. తీశాను. ఇంకోసారి చూస్తే ముందర ఆకులో రెండు ఉండ్రాళ్లు. ఇవి ఎవరు పెట్టారో నాకు తెలుసు, అత్తయ్యగారు తప్ప ఉండ్రాళ్లు అంత గుండ్రంగా ఎవరూ చేయలేరు. తెలిసీ ఏం చేయగలను? ప్రతివాణ్ణీ పట్టుకుని, అపెన్నైన్ పర్వతాల గురించి క్లాసు చెప్పి, చెవిలో పువ్వు తీసి, మళ్లీ కాపలా కాసి, మిట్టమధ్యాహ్నానికి నా గొంతు పోయింది. అప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ పిలిచింది. పులిహోర గిన్నె ఎత్తడానికి మగవాళ్ల సాయం కావాలట. ఆ గిన్నె మామూలు గిన్నె కాదు, అందులో ఒక కుటుంబం కాపురం ఉండొచ్చు. లోపలికి వెళ్లాను. వెళ్లి, గిన్నె ఎత్తి, గరిటె కోసం వెతుకుతున్నానంతే, పెరట్లోంచి ఇల్ఫర్డ్ అంకుల్ గొంతు.

"బోలో గణేశ్ మహరాజ్‌కీ..."

"జై!"

గరిటె చేతిలో పట్టుకుని పరిగెత్తాను. గాలి తొట్టి చుట్టూ జనం. పిల్లలు నీళ్లు చిమ్ముతున్నారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన ఇల్ఫర్డ్ అంకుల్ నీళ్ల మధ్య నిలబడి ఉన్నారు. ఆయన రెండు చేతుల కింద, నీటి పైకి కనిపిస్తున్నది ఒక్క ముక్కు. నేను చూస్తుండగా ఆ రెండు రంధ్రాల్లోంచి రెండు బుడగలు వచ్చాయి. పొగ రావాల్సిన చోట బుడగలు! తర్వాత ముక్కు కూడా లేదు.

"అంకుల్! ఏం చేశారండీ?"

"ఏమైందయ్యా, గరిటె పట్టుకుని కొట్టనీకి వస్తున్నవ్?"

"అది వినాయకుడు కాదు!"

"కాదా?" అన్నారు ఆయన తొట్టిలోకి చూస్తూ. అప్పటికి అక్కడ ఎవరైనా ఏదైనా కావడానికి వీలున్న బురద మాత్రమే ఉంది. "మరి నేనిచ్చిన మట్టితోని గణపతి గాక ఇంకేం జేసినవ్?"

"తొండం లేదు కదండీ, చూసుకోవద్దా?"

"చూసిన. విరిగిందనుకున్న. విరిగిన విగ్రహం ఇంట్ల ఉంచుకోవద్దు బిడ్డా, అరిష్టం. అందుకే పిల్లల గణపతులతోని గాయనను గూడ సాగదోలిన. నీ మంచికే జేసిన."

"గడ్డం ఉన్న వినాయకుణ్ణి ఎక్కడైనా చూశారా మీరు?"

"అది గడ్డమా!" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నేను గరిక అనుకుంటి. పూజల పెడ్తరు గద. ఎంత మంచిగ గుచ్చిండ్రో అని మెచ్చుకున్న కూడా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాపుకోవడానికి పడుతున్న కష్టం నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్కరికీ సిగ్గు లేదు. "అన్నా, బొజ్జ చూసి మేం కూడా అదే అనుకున్నాం," అన్నాడు ఎమ్మెస్సీ కుర్రాడు. తనచేత దణ్ణం పెట్టించుకున్నవాడు పోయాడే అన్న విచారం వాడి మొహంలో పిసరంత లేదు.

"సోమవారం, అంటే రేపు, పిల్ల దాన్ని స్కూలుకు తీసుకెళ్లాలి అంకుల్! వాడి ముక్కులోంచి పొగొస్తే తప్ప అది నోరు విప్పదు!" అని అరిచాను. ఆ మాటతో నవ్వులు ఆగాయి. అంకుల్ నీళ్లలోనే నిలబడి, మడిచిన ప్యాంటు ఒకవైపు జారి తడుస్తున్నా సవరించుకోకుండా, మా అమ్మాయి కోసం చుట్టూ చూశారు.

అది వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పట్టు పరికిణీ, జడలో పువ్వులు. ఎంతసేపటినుంచి చూస్తోందో తెలియదు. నేను ఏదో అనబోయాను. అది నన్ను దాటుకుని వచ్చి, పరికిణీతో సహా తొట్టిలోకి దిగి, రెండు చేతులూ అడుగుదాకా పెట్టి బురద తోడి బయటికి తీసింది.

"నిమజ్జనం చేసింది తియ్యకూడదేమోనండీ," అని ఒక ఆంటీ సణిగింది.

అందరూ మా అత్తయ్యగారి వైపు చూశారు. ఇలాంటి విషయాల్లో ఆ పెరట్లో సుప్రీంకోర్టు ఆవిడే. ఆవిడ మనవరాలినీ, బురదనీ, కాసేపు నన్నూ చూసి, "తియ్యనివ్వండమ్మా. కలిశాక మట్టేగా, దానికేం పేరుంటుంది?" అని, వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్లెం తెచ్చి తొట్టి పక్కన పెట్టారు.

నేను చొక్కా చేతులు మడిచి ముందుకు వెళ్లాను. ఈ దేశంలో ఆ పని తెలిసిన చేతులు నావే కదా.

"డాడీ, డోంట్ టచ్," అంది మా అమ్మాయి.

వినండి. నా మట్టి. నా మట్టి కాకపోతే మా పెరట్లో తొట్టి. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. ముట్టుకోవద్దట! "అదికాదమ్మా, తడి మట్టి నిలవదు, లోపల డొల్ల రాదు, డొల్ల లేకపోతే పొగ..." అని చెబుతూనే ఉన్నాను.

"ఐ నో," అంది. ఇంక చెప్పొద్దన్నట్టు మోచేత్తో నన్ను పక్కకు జరిపింది. పులిహోర వడ్డించండి పొండి, అని మా ఆవిడ కళ్లతో చెప్పింది. వెళ్లి వడ్డించాను. అంత కారంగా పులిహోర వడ్డించినవాడు మరొకడు ఉండడు. ఇల్ఫర్డ్ అంకుల్ విస్తరి దగ్గరకు వచ్చేసరికి జీడిపప్పు రాకుండా ఏరి ఏరి వేశాను. మా ఆవిడ వెనకాలే వచ్చి ఇంకో గరిటె వేసింది, జీడిపప్పుతో సహా.

మా అమ్మాయి సాయంత్రం వెలుగు ఉన్నంతసేపూ అక్కడే కూర్చుంది. తడి మట్టి కుప్ప పోస్తే జారింది. మళ్లీ పోసింది, మళ్లీ జారింది. జారిన చోట జారినట్టే వదిలేయడం మొదలుపెట్టింది. ఆ జారుడులో ఒక భుజం వచ్చింది, ఒక మోకాలు వచ్చింది. పక్కన చేతిలాంటిది, దాని కింద ఎలక కాని జంతువు తల. పైన ముక్కు, దానికి వేలితో పొడిచిన రెండు గుంటలు. అన్ని వినాయకుల మట్టీ కలిసిపోవడంతో అందులో అక్షింతల గింజలున్నాయి, కుంకుమ చారలున్నాయి, బంతిరేకులున్నాయి. దూరం నుంచి చూస్తే కొండ. దగ్గరికెళితే ఎవరో ఒంగి కూర్చున్నారు. పుస్తకంలో ఉన్నవాడు సరిగ్గా అలాగే ఉన్నాడు. నేను వారం రోజులు కష్టపడి చేసినదాని కన్నా ఇది వాడికే దగ్గరగా ఉంది. ఈ అన్యాయం మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలో ఈ దేశంలో ఎవరూ చెప్పరు.

పొట్ట లేదు. పొగా లేదు.

మర్నాడు పళ్లెం ఒళ్లో పెట్టుకుని అది వెనక సీట్లో కూర్చుంటే మా ఆవిడ గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినంత నెమ్మదిగా కారు నడిపింది. స్కూలు హాల్లో మిగతా బొమ్మలు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఒక గోపురం ఉంది, దాని ఇటుకలు లేజరుతో కోసినట్టున్నాయి. ఎవరి నాన్నో ఆర్కిటెక్టు, ఆ నాన్న మొహం చూస్తేనే తెలుస్తోంది, కళ్ల కింద నల్లటి వలయాలు. ఇంకో పిల్లాడి ఎగిరే యంత్రం నిజంగానే ఎగిరేలా ఉంది. టీచరమ్మ మైకు ముందుకు వచ్చి, పిల్లలు తమంతట తామే చేసిన పనులివి, అని నవ్వుతూ చెప్పింది. హాల్లో ఉన్న నాన్నలంతా ఒకేసారి బూట్లు చూసుకున్నారు. నేను మాత్రం తలెత్తే ఉన్నాను. మాది నిజంగా పిల్లే చేసింది! జీవితంలో నిజాయితీగా ఉన్న ఆ ఒక్కరోజూ అది నా ఇష్టప్రకారం జరగలేదు.

మా అమ్మాయి వంతు వచ్చింది. పళ్లెం బల్ల మీద పెట్టింది. "ఈజ్ ఇట్ ఎ హిల్, డార్లింగ్?" అంది టీచరమ్మ. అది తల ఊపింది, అవునని కాదని రెండూ కలిపి. వెనక నిలబడ్డానికి కొండమనిషి సరిపోలేదు, దాని నడుం దాకా కూడా లేడు. అందరూ దాన్నే చూస్తున్నారు. పెదవులు కదిలాయి. శబ్దం లేదు. నా పక్కన మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని గోళ్లు దించింది. అటు పక్క అత్తయ్యగారు కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నారు. "లౌడర్..." అని టీచరమ్మ మొదలుపెట్టింది.

అది బొమ్మ వైపు చూసింది. ముక్కు గుంట దగ్గర ఒక అక్షింత గింజ అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీసింది. తీసి, ఆ వేలు చూసుకుంటూ, ఇంగ్లీషులో చెప్పింది, "నిన్న మధ్యాహ్నం దాకా వీడి ముక్కులోంచి పొగ వచ్చేది. తర్వాత ఒక అంకుల్ వీణ్ణి పాడ్లింగ్ పూల్‌లో ముంచేశారు."

ఎక్కడో ఒకరు నవ్వారు. ఏడాది కిందటి నవ్వు కాదిది, తర్వాతేమైందని అడిగే నవ్వు. అది తల ఎత్తింది.

ఆ తర్వాత ఇక ఆగితే కదా! అంకుల్ ప్యాంటు ఎలా మడిచారో చూపించింది. "జై!" అని అరిచింది, హాలు చివర కిటికీలు కదిలాయి. పర్వతాలు ఎలా నిదానంగా అరిగి నీళ్లలో కలుస్తాయో, వీడు ఒక్క మధ్యాహ్నంలో ఎలా కలిశాడో చెప్పింది. గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మనిషిని నటించింది. అంతటితో ఆగినా బాగుండేది. "అసలు మొదట వీడికి పెద్ద పొట్ట ఉండేది. మా డాడీ చేశారు. ఎందుకంటే," అని ఒక్క క్షణం ఆగి, వేలెత్తి మూడో వరసలో నన్ను చూపించింది.

స్కూలు మొత్తం, పిల్లలు, టీచర్లు, ఆర్కిటెక్టు నాన్న, మధ్యాహ్నం అన్నం వడ్డించే డిన్నర్ లేడీలు, అందరూ నా పొట్ట చూశారు. నేను కోటు గుండీలు పెట్టుకోబోయాను, అవి కలవలేదు. నవ్వుల్లో అన్నింటికన్నా గట్టిగా వినిపించింది మా అత్తయ్యగారిది. ఇంగ్లీషు రాదంటారు ఆవిడకు!

అందరూ వాడి ముక్కు చూస్తారని కదా మా ఒప్పందం?

కొండమనిషి హాల్లో కిటికీ పక్కన దసరా వెళ్లేదాకా ఉన్నాడు. ఆరి, బీటలు వారి, భుజం ఒకటి రాలిపోయి, హాఫ్ టర్మ్ సెలవులకు ఇంటికొచ్చాడు. విరిగినదాన్ని ఇంట్లో ఉంచకూడదని అత్తయ్యగారు గుర్తు చేశారు. సరే, నేను కలుపుతాను అన్నాను. తొట్టి దులిపి, గాలి ఊది, నీళ్లు పట్టి, చలిలో ప్యాంటు మడిచి సిద్ధంగా నిలబడ్డాను. మా అమ్మాయి ఫోన్ చేతిలో పట్టుకుని కిటికీలోంచి రోడ్డు చూస్తోంది.

"ఎవరి కోసం?"

"అంకుల్ ఈజ్ కమింగ్," అంది.

ఇల్ఫర్డ్ నుంచి! ఎమ్ ట్వంటీఫైవ్ మీద! వానలో! నేను ఇక్కడే ఉన్నాను, నా ప్యాంటు మడిచి ఉంది! కారు వచ్చి ఆగింది. ఆయన మైసూర్‌పాక్ డబ్బా నా చేతిలో పెట్టి, చెప్పులు విప్పి, నేరుగా తొట్టిలోకి దిగారు. పళ్లెం ఒకవైపు ఆయన, ఒకవైపు మా అమ్మాయి పట్టుకున్నారు. నన్ను గొడుగు పట్టుకోమన్నారు.

"మల్ల చూస్కో బిడ్డా. ఈసారి ముంచాల్నా, వద్దా?" అని ఆయన అడిగారు.

అది బాగా చూసుకుని, "ఓకే," అంది. ఇద్దరూ కలిసి వంగారు. పొడి మట్టి సుయ్‌మంటూ నీళ్లు తాగింది, రెండు గుంటల్లోంచి చిన్న చిన్న బుడగలు వచ్చాయి. "జై!" అని అది ఒక్కతే అరిచింది. పక్క పెరట్లో కుక్క మొరిగింది.

ఇల్ఫర్డ్ అంకుల్ చేతులు కడుక్కుని, తృప్తిగా నా వైపు తిరిగారు.

"ఎంత తొందరగ కరిగిండు చూసినవా? మొన్నటోడు మునగనీకె చాన సేపు సతాయించిండు. పొట్టల గాలి ఉండె గద."